పదకొండు బల్లలు

కిల్కాటా,
ఆగస్టు 14, 2013

హిలారియా పెద్దమ్మకు, కసిల్డా దండాలు.

నువ్వు పంపిన రొట్టెల మూట తొమ్మిది రోజులకి చేరింది. రాళ్ళలా గట్టిపడ్డాయి, అయినా టీలో ముంచుకుని ఒక్కటి మిగల్చకుండా తిన్నాను. ఇరవై నాలుగు పెట్టానని రాశావు, నాకు అందినవి ఇరవై ఒకటి. డ్రైవర్ ఎలూతేరియోని నిలదీస్తే "బస్సులో ఎలకలున్నాయమ్మాయ్" అన్నాడు. ఆ ఎలక మీసాలకి రొట్టె పొడి ఇంకా అంటుకునే ఉంది.

చదువు సంగతి అడిగావు. ఈ ఆరోగ్య కేంద్రంలో నేనొక్కదాన్నే ఉద్యోగిని, డాక్టరు నెలకోసారి వస్తాడు. అందుకే కాలేజీకి వెళ్ళకుండా నెట్‌లోనే నర్సు డిగ్రీ చదువుతున్నాను. మా క్లాసులో పదకొండు మందిమి. ఒకడు అడవి మధ్య రిబెరాల్తాలో, ఒకామె గనుల ఊళ్ళో, నేను ఈ ఉప్పు గాలిలో. ఒకరి ముఖం ఒకరం చూడలేదు. అందరికీ ఒకే పేజీ ఉంటుంది, అందులో పేరు నొక్కితే ఒక్కొక్కరి సొంత పేజీ తెరుచుకుంటుంది. ఒకరు రాస్తే మిగిలినవాళ్ళు కింద జవాబు రాయాలి. ఎవరైనా పేజీ తెరిస్తే వాళ్ళ పేరు పక్కన ఆకుపచ్చ చుక్క వెలుగుతుంది. సాయంత్రం ఆ చుక్కలు చూస్తే, పక్కింట్లో దీపం పెట్టినట్టు ఉంటుంది నాకు.

మొదటి రెండు నెలలు ఒకరికొకరం "చక్కగా చెప్పారు" అని రాసుకుని మార్కులు సంపాదించుకున్నాం. ఒరొపేసా మాస్టారికి ఒళ్ళు మండింది. "మీరు తోటి విద్యార్థులు కాదు, ఒకే బస్సు కోసం నిలబడ్డ ముక్కూ మొహం తెలియనివాళ్ళు" అని రాశారు. మా మధ్య చుట్టరికం కలపాలని కొత్త అభ్యాసం ఇచ్చారు. మీరు పోయాక ఆత్మల పండుగకి మీ బల్ల మీద ఏమేం పెట్టాలి, ఎందుకు పెట్టాలి, ఒక్కొక్కరూ రాయండి అన్నారు. రోజూ చావులు చూడబోయే నర్సులకి ఆ మాత్రం ధైర్యం ఉండాలట.

ఏం రాయాలా అని ఆలోచిస్తున్నాను.

నీ కూతురిలాంటి
కసి

*

అరానీ,
సెప్టెంబరు 2

కసీ,

ఆ మాస్టారికి తల్లీ తండ్రీ లేరా? బతికున్న పిల్లల చేత బల్ల మీద ఏం పెట్టాలో రాయించడమేమిటి? ముక్కు మీద కోపం ఉన్న ముసలిది చెప్పిందని ఆయనకి రాయి. పోయినవాళ్ళు నవంబరు ఒకటిన మధ్యాహ్నం పన్నెండుకి వస్తారు, మర్నాడు పన్నెండుకి వెళ్తారు. ఈ మధ్యలో వాళ్ళ పేరు మీద బల్ల వేసి, ఇష్టమైనవి పెట్టి కడుపు నింపుతాం. అలా మూడేళ్ళు. పేరు పెట్టి బల్ల వేస్తే ఆ పేరుగల మనిషి వచ్చి తీరాలి. రానని అనడానికి వీల్లేదు. అందుకే బతికున్నవాళ్ళ పేరు ఆ బల్ల దగ్గర నోట రానివ్వం. మీ అమ్మ బల్ల మూడేళ్ళూ వేసింది నేను, నాకు తెలుసు.

రాయకు. తప్పదంటే అబద్ధాలు రాయి.

పొయ్యి పై కప్పు పగిలింది. పక్కింటి బాసిలియో వచ్చి మట్టి మెత్తాడు, మెత్తినంతసేపూ తన మోకాలి నొప్పి గురించే చెప్పాడు. రెండో పొయ్యి వెలిగించేసరికి మళ్ళీ పగిలింది. ఈసారి వస్తే మోకాలు కూడా మట్టితో మెత్తి పంపుతాను.

నీ శాలువాకి అంచు వేయడం అయిపోయింది. ఎలూతేరియోకి ఇస్తున్నాను. ఎలకలు శాలువాలు తినవనే నమ్మకం.

పెద్దమ్మ

*

కిల్కాటా,
సెప్టెంబరు 29

పెద్దమ్మా,

శాలువా అందింది. పచ్చ రంగు నాకు నప్పిందని గొర్రెలు కాసే ఫెలీసా కూడా ఒప్పుకుంది. ఆవిడ ఎవరినీ మెచ్చుకోదు.

నువ్వు తిట్టేలోపే రాసేశాను. అబద్ధాలు రాయడం చేతకాలేదు. నా ఆత్మ ఎక్కి రావడానికి సోంపు వేసిన రొట్టె గుర్రం ఒకటి కావాలన్నాను. ఉడికించిన పెద్ద చిక్కుళ్ళు, పక్కన పచ్చి జున్ను. బొప్పాయి సోడా, చల్లగా. నల్ల గుడ్డ వద్దు, నా పచ్చ శాలువా పరవమన్నాను. ఇంతేనా అనిపించి చివర, చిన్నప్పుడు జ్వరమొస్తే నువ్వు పెట్టిన చక్కెర నీళ్ళు కూడా కావాలని రాశాను.

ఏమైందో తెలుసా? ఇన్ని నెలలూ "చక్కగా చెప్పారు" తప్ప ఇంకేమీ రాయని మనుషులు ఒక్కసారి గుండె విప్పారు. గనుల ఊళ్ళో ఉండే ఎడెల్మీరా తన బిడ్డ గురించి రాసింది, రెండేళ్ళకే పోయిందట. ఆమెకి జవాబు రాస్తూ నేను ఏడ్చాను. ఇప్పుడు పది మంది బల్లల మీద ఏం పెట్టాలో నాకు కంఠతా వచ్చు. ఒకరి ముఖం కూడా తెలియదు, అయినా వీళ్ళు నా మనుషులని అనిపిస్తోంది. మాస్టారు గెలిచారు.

అక్టోబరు 11, శుక్రవారం బస్సుకి టికెట్ తీశాను. శనివారం ఉయూనీలో పరీక్ష. పేజీలో కూడా రాశాను, అందరూ దీవించారు. నువ్వూ దీవించు.

కసి

*

కిల్కాటా,
అక్టోబరు 20

పెద్దమ్మా,

పరీక్షకి వెళ్ళలేదు. గురువారం మధ్యాహ్నం ఫెలీసా కోడలికి నొప్పులు మొదలయ్యాయి, బిడ్డ అడ్డం తిరిగింది. శుక్రవారం పొద్దున్న బస్సు హారన్ కొడుతుంటే నా చేతులు మోచేతుల దాకా రక్తంలో ఉన్నాయి. బస్సు వెళ్ళిపోయింది. బిడ్డ బతికింది, తల్లీ బతికింది. ఆడపిల్ల.

ఆ బస్సు, ఎలూతేరియోది కాదు, లోయలో పడి తగలబడిందని ఉప్పు లారీవాళ్ళు చెప్పారు. ఎక్కినవాళ్ళలో ఒక్కరూ మిగల్లేదట. నీకు వెంటనే ఫోన్ చేద్దామంటే, తొమ్మిదో తారీఖు గాలికే టవర్ పడిపోయింది. ఫోనూ లేదు, నెట్టూ లేదు. దారులన్నీ రాస్తా రోకోతో మూసేశారట, ఈ ఉత్తరం నీకు ఎప్పుడు చేరుతుందో. నేను బాగానే ఉన్నాను, కంగారు పడకు. మొన్న మేకల దొడ్డి దగ్గర జారి ఎడమ కాలి చీలమండ బెణికింది, కుంటుతున్నాను, అంతే.

కసి

*

కిల్కాటా,
నవంబరు 3

పెద్దమ్మా,

పాత ఉత్తరం ఇంకా ఇక్కడే ఉంది, దాంతోపాటే ఇదీ పంపుతాను. ఎవరికైనా చెప్పుకోవాలి.

మొన్న ఒకటో తారీఖు మధ్యాహ్నం గిన్నెలో చారు పోసుకుని కూర్చున్నాను. బడి గంట పన్నెండు కొట్టింది. చెంచా ఎత్తాను. నోట్లో సోంపు రుచి తగిలింది. చారులో సోంపు లేదు. తరువాత జున్ను రుచి. తరువాత బొప్పాయి సోడా, చల్లగా, గొంతులోంచి దిగడం తెలిసింది. చివర చక్కెర నీళ్ళు. నేనేమీ మింగలేదు. అయిపోయిందనుకుంటే మళ్ళీ మొదటి నుంచి, సోంపు, చిక్కుళ్ళు, జున్ను, సోడా, చక్కెర నీళ్ళు. మళ్ళీ. వేళ్ళు మడిచి లెక్కపెట్టాను. పదకొండు సార్లు. పదకొండోసారి మాత్రం ఆ చక్కెర నీళ్ళు గోరువెచ్చగా తగిలాయి, చిన్నప్పటి రుచే.

అప్పటినుంచి ఆకలి లేదు. కడుపు పెళ్ళి భోజనం చేసినట్టు నిండుగా ఉంది. ముద్ద నోట్లో పెట్టుకుంటే ఇసుక నమిలినట్టుంది. జ్వరం లేదు, నాలుక బాగుంది, కామెర్లు కావు. నర్సుని కదా, అన్నీ చూసుకున్నాను.

నవ్వకు. ఒంటరిగా ఉండి పిచ్చెక్కిందని రాయకు. రెండు మాటలు నాలుగు చేసి జవాబు రాయి.

కసి

*

అరానీ,
నవంబరు 12

నా తల్లీ, నా కసీ,

రాస్తా రోకో ఎత్తేశారు. నీ ఉత్తరాలు రెండూ ఒకే రోజు చేరాయి. దీపం దగ్గర పెట్టుకుని చదువుకున్నాను. నీకు జవాబు రాయవచ్చా అని ఫాదర్‌ని అడగలేదు. వద్దంటారని తెలిసే అడగలేదు.

పోయినవాళ్ళు పిలిస్తే పలకకూడదు, పలికినవాళ్ళు వెనకే వెళ్తారు. అది గొంతుకి వర్తించే మాట. కాగితానికి జవాబు ఇవ్వకూడదని మా అమ్మ చెప్పలేదు. అప్పట్లో మనకి ఉత్తరాలు రాసేవాళ్ళెవరు?

బస్సు ఎక్కలేదని రాశావు. తెలుసు తల్లీ. ఉన్నట్టుండి పోయినవాళ్ళు అలాగే అనుకుంటారు. బోర్జా బావగారు గనిలో పోయాక కూడా నెలరోజులు వచ్చి తలుపు దగ్గర బూట్లు విప్పేవారట. నీ మీద నాకు కోపం లేదు. టికెట్ల జాబితాలో నీ పేరుందని మాస్టారు ఫోన్ చేశారు, పాపం. తొమ్మిది మందిని గుర్తుపట్టలేక ఒకే గోతిలో పెట్టారట. దారులు మూసేశారు, నేను రాలేకపోయాను. అదొక్కటి క్షమించు.

నీ బల్ల బాగా వేశాను. రొట్టె గుర్రానికి నుదుటి మీద తెల్ల మచ్చ పెట్టాను. చెరకు గడలు రెండు పెట్టాను, ఊతకర్రలకి. చక్కెర నీళ్ళు కాచాను. నేనొక్కదాన్నే కాదు, నీ పేజీలో ఉన్న పది మందీ తమ తమ ఊళ్ళల్లో నీ పేరున బల్లలు వేశారు, నువ్వు అడిగినవన్నీ పెట్టారు. మాస్టారు చదివి వినిపించారు. ఏ మహారాణికీ అన్ని బల్లలు వేసి ఉండరు. నీకు అందాయని రాశావు, అది చదివాక ఇన్నాళ్ళకి కంటినిండా నిద్రపోయాను.

కడుపు నిండిందన్నావు. అలాగే ఉండాలి తల్లీ. ఇక అన్నం కోసం వెతుక్కోకు. దారిలో ఆగకు. ఎక్కడికి వెళ్ళాలో మీ అమ్మ చూపిస్తుంది.

పెద్దమ్మ

*

కిల్కాటా,
నవంబరు 24

పెద్దమ్మా,

నేను చావలేదు. పెద్ద అక్షరాలతో రాశాను, కళ్ళజోడు పెట్టుకుని చదువు. నేను చావలేదు.

పంతొమ్మిదిన టవర్ లేచింది. నీకు నలభై సార్లు ఫోన్ చేశాను. మోగుతూనే ఉంది, నువ్వు ఎత్తలేదు. ఎందుకు ఎత్తలేదో నీ ఉత్తరం వచ్చాక తెలిసింది. మొండి ముసలిదానా, నలభై సార్లు మోగిన ఫోన్ పక్కన కూర్చుని జపమాల తిప్పుతున్నావా? నువ్వు చదివిన నాలుగు ప్రార్థనలకి నన్ను పాతిపెట్టే అధికారం ఎవరిచ్చారు నీకు?

పేజీ తెరిచాను. నా పేరుకి నల్ల రిబ్బను కట్టి ఉంది. కింద రెండు వందల పైచిలుకు ఉత్తరాలు, అన్నీ నాకే. ఒకటో తారీఖున ఏమైందో ఒక్కొక్కరూ రాశారు. రిబెరాల్తాలో సోడా రెండు వేళ్ళు తగ్గిందట. ఇంకొకరింట్లో కిటికీలు మూసి ఉండగానే శాలువా అంచు కదిలిందట. ఎడెల్మీరా రాసింది మళ్ళీ మళ్ళీ చదివాను. "పన్నెండుకి ఎవరో నడిచి వచ్చారు. అడుగులు సమంగా లేవు. ఎడమ కాలు ఈడుస్తున్నట్టు ఉంది. కసిల్డా కుంటుతుందా, ఎవరికైనా తెలుసా?" అని అడిగింది. నా చీలమండ బెణికిన సంగతి నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు. ఆ ఉత్తరం అప్పటికి నా బల్ల సొరుగులోనే ఉంది.

నేను బతికే ఉన్నానని పేజీలో రాశాను. పది ఆకుపచ్చ చుక్కలూ వెలుగుతూ ఉన్నాయి. ఒక్కరూ జవాబు రాయలేదు. మళ్ళీ రాశాను. ఒక్కొక్క చుక్కా ఆరిపోయింది. మర్నాటికి నా పాస్‌వర్డ్ పనిచేయలేదు. మాస్టారికి ఫోటో పంపాను, పాతదనుకున్నారేమో. పీహెచ్‌డీ చేసిన మనిషి ఆయన, నీలాగే ఫోన్ ఎత్తడం లేదు. పలికితే వెనకే వెళ్తారని ఆయనకి ఎవరు నేర్పారో.

ఇప్పుడు అసలు సంగతి. ఇరవై మూడు రోజులుగా నేను తినలేదు. నీళ్ళు తాగుతున్నాను, బలవంతాన రెండు చెంచాల గంజి. కాటా మీద నలభై నాలుగు కిలోలు ఉన్నాను. ఫెలీసా నన్ను చూసి శిలువ గుర్తు వేసుకుంటోంది. డాక్టరుకి ఏమీ దొరకలేదు. ఇలాగే సాగితే నువ్వు ముందే వేసిన బల్ల నిజమవుతుంది. నాకు భయంగా ఉంది పెద్దమ్మా. నన్ను బతికున్నదానిగా ఒక్క మనిషైనా చూడాలి. అది నువ్వు కాకపోతే ఇంకెవరు?

బదులు మనిషి వచ్చేదాకా ఈ కేంద్రం వదలడానికి లేదు, ఇద్దరు గర్భిణులున్నారు. జవాబు రాయి. ఈసారి నాకు రాయి, నా ఆత్మకి కాదు.

కసిల్డా

*

అరానీ,
డిసెంబరు 1

కసీ,

మొండి ముసలిదానా అన్నావు. ఆ ముక్క దగ్గర ఆగిపోయి, ఉత్తరం పట్టుకుని నిలబడిపోయాను. పోయినవాళ్ళు తిట్టరు. నా అరవై తొమ్మిదేళ్ళలో ఎంతమంది ఆత్మల మాటలు విన్నానో, అందరూ అడుగుతారు, బతిమాలతారు, ఏడుస్తారు. తిట్టడానికి రక్తం ఉండాలి. నువ్వు బతికే ఉన్నావు.

పొయ్యి ముందు కూర్చుని అంత పెద్ద ఏడుపు ఏడిచాను. బాసిలియో పరిగెత్తుకుంటూ వచ్చాడు. "ఎవరు పోయారు?" అన్నాడు. "ఎవరూ పోలేదురా" అన్నాను. పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. తరువాత వాడి చేతే నీకు ఫోన్ చేయించాను, ఆ రోజు మీ టవర్ మళ్ళీ పడిపోయిందట.

ఇక తిండి సంగతి. వేసిన బల్లని వెనక్కి తీసుకోవడం ఉండదు. పదకొండు ఇళ్ళల్లో పేరు పెట్టి పిలిచాం. ఒక తలుపు తెరిచాం. నువ్వు అటూ ఇటూ కాకుండా గడపలో నిలబడ్డావు, అందుకే ఇటువైపు అన్నం నీ గొంతు దిగడం లేదు. ఇదంతా మేము చేసిన పని, ప్రేమతోనే చేశాం, అదే ఎక్కువ బాధగా ఉంది.

ఒక దారి నాకు తెలుసు. మా నాయనమ్మ చెప్పగా విన్నాను. నీకు చెప్పను, అడగకు. నీ మాస్టారితో మాట్లాడాలి. బాసిలియో కూతురు నెట్ సెంటరు నడుపుతోంది, ఆ పిల్ల చేత ఆ పేజీలోకి వెళ్తాను. ఎప్పుడూ ముట్టుకోని వస్తువు, వేళ్ళు వంకర పోతాయేమో చూద్దాం.

రెండు చెంచాల గంజి మూడు చెయ్యి. మానకు.

పెద్దమ్మ

*

కిల్కాటా,
డిసెంబరు 15

పెద్దమ్మా, పెద్దమ్మా,

ఆకలేసింది.

ఎనిమిదో తారీఖు ఆదివారం, మూడు గంటలప్పుడు, బట్టలు ఆరేస్తున్నాను. కడుపులో ఎవరో గోకినట్టు అనిపించింది. ఏమిటో మొదట తెలియలేదు, మరిచిపోయాను కదా. తరువాత తెలిసి, తడి బట్టలు అక్కడే పడేసి ఫెలీసా ఇంటికి పరిగెత్తాను. రెండు గిన్నెల కీనువా గింజల చారు, ఎండు లామా మాంసం, నాలుగు బంగాళదుంపలు తిన్నాను. "ఇంకా ఉందా?" అని అడిగాను. ఫెలీసా తన కొడుకు పళ్ళెం నా ముందుకు తోసింది. ఆవిడ నవ్వడం మొదటిసారి చూశాను.

ఇప్పుడు నలభై ఏడు కిలోలు. మాస్టారు ఫోన్ చేసి ఏడ్చారు, నాకు కొత్త పేరుతో పేజీలో చోటిచ్చారు. పది మందీ జవాబులు రాశారు, కానీ ఏదో దాస్తున్నట్టు అందరూ పొట్టి పొట్టి మాటలే. సిగ్గుపడుతున్నారేమో. నా పాత పేజీ, ఆ నల్ల రిబ్బను ఉన్నది, ఇంకా తీయలేదు. దాన్ని తెరవడానికి నాకు ధైర్యం లేదు.

నువ్వేం చేశావో గానీ నీ చేతికి ముద్దు. క్రిస్మస్ అయ్యాక బదులు మనిషి వస్తోంది. ఇరవై ఏడున నీ ముందు ఉంటాను. నీ పొయ్యి మొత్తం ఖాళీ చేస్తాను, సిద్ధంగా ఉండు.

ఎప్పుడూ ఆకలితో ఉన్న
కసి

*

అరానీ,
డిసెంబరు 16

కసీ,

నీ ఉత్తరం ఇంకా రాలేదు, నీకు ఆకలి వేసిందని మాత్రం తెలుసు. ఎనిమిదిన మూడు గంటలకి కదూ?

దాచి ఏం లాభం, నువ్వు వస్తే చూస్తావు. తెరిచిన తలుపు ఒక మనిషిని తీసుకునే మూసుకుంటుంది. పేరు మార్చవచ్చు, తలుపు మూయలేం. ఆ పేజీలో నీ తోటివాళ్ళకి రాశాను, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ రెండు రోజులు పట్టింది. మేం ఒప్పుకోం అన్నారు. ఎడెల్మీరా మరీ గొడవ చేసింది. "ఇంకో దారి ఉంటుంది పెద్దమ్మా, వెతుకుదాం" అంటుంది. పెద్దమ్మా అని పిలిచింది, చూడు. "నా చెల్లెలికి ఒక్కతే కూతురు, నాకూ ఆ ఒక్కతే" అని రాశాను. ఆ తరువాత అందరూ ఒప్పుకున్నారు. ఆదివారం మధ్యాహ్నం పది మందీ నేనూ మళ్ళీ బల్లలు వేశాం. రొట్టె గుర్రం మెడలో నీ పేరు విప్పి నా పేరు కట్టాం.

మూడు గంటలకి నాకు పెళ్ళి భోజనం చేసినట్టు కడుపు నిండింది. అప్పటినుంచి ఆకలి లేదు. నొప్పి లేదు. నెమ్మదిగా ఉంది.

కేకలు వెయ్యకు. తిరిగి నీ పేరు కట్టించాలని చూడకు, ఆ పది మంది చేత ఒట్టు వేయించుకున్నాను. ఏ తల్లినైనా అడుగు, ఇందులో త్యాగం లేదంటుంది. రొట్టె చల్లారకముందే చేతిలో పెట్టినట్టు ఉంటుంది, అంతే.

త్వరగా రా. రొట్టెలు కాలుస్తున్నాను, రుచి చూడటానికి నాకు నాలుక లేదు, ఉప్పు ఎక్కువైతే చెప్పు.

పెద్దమ్మ

*

అరానీ,
అక్టోబరు 31, 2014

పెద్దమ్మా,

ఈ ఉత్తరం రేపు నీ బల్ల మీద పెడతాను.

నువ్వు ఫిబ్రవరి దాకా ఉన్నావు. నేను వచ్చాక ఏడు వారాలు. నీ ఎదుట కూర్చుని తినడానికి నాకు సిగ్గేసేది, మేకలా తినేదాన్ని, ఆపుకోలేకపోయేదాన్ని. నువ్వు చిక్కిపోతూ "ఇంకో ముక్క వేసుకో" అనేదానివి. నీ మీద చాలా కోపంగా ఉన్నాను పెద్దమ్మా. నన్ను అడగకుండా చేశావు. నేను ఒప్పుకోనని తెలిసే చేశావు.

ఈ సాయంత్రం ఆ పది మందీ వచ్చారు. మాస్టారు కూడా. మొదటిసారి ముఖాలు చూసుకున్నాం. ఎడెల్మీరా నేననుకున్నదానికంటే చాలా పొట్టిగా ఉంది. గడపలో నిలబడి నా ఎడమ కాలి వంక చూసింది, తరువాత నా రెండు చేతులూ పట్టుకుంది, వేడిగా ఉన్నాయో లేదో చూసుకుంటున్నట్టు. ఏడాదిన్నరగా రోజూ మాట్లాడుకున్న మనుషులం, పొయ్యి చుట్టూ మూగవాళ్ళలా నిలబడ్డాం. ఆఖరికి బాసిలియో తన మోకాలి నొప్పి గురించి మొదలుపెడితే అందరం ఊపిరి పీల్చుకున్నాం.

పిండి కలపడానికి కూర్చున్నప్పుడు నాకు చేతులు ఆడలేదు. వీళ్ళ పది బల్లల మీద ఏం పెట్టాలో నాకు కంఠతా వచ్చు. నీ బల్ల మీద ఏం పెట్టాలో తెలియదు. పదిహేనేళ్ళు నీ చేతి వంట తిన్నాను, నీకు ఏది ఇష్టమో ఒక్కసారి కూడా అడగలేదు. అదే బయటికి అనేశాను.

రిబెరాల్తా మనిషి సంచీలోంచి అడవి గింజల పొట్లం తీశాడు. ఒకామె ఎండు పీచ్ పళ్ళు తీసింది. ఎడెల్మీరా చిన్న నల్ల సీసా తీసింది, గనుల ఊళ్ళో దొరికే మందు. ఒక్కొక్కరూ ఒక్కొక్కటి బల్ల మీద పెట్టారు. "మీకెలా తెలుసు?" అని అడిగాను.

"పెద్దమ్మే రాసింది" అంది ఎడెల్మీరా. "నీ పాత పేజీలో. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా, రోజుకో మాట. ఇంట్లో పిల్లకి చెప్పొద్దు, ఏడుస్తూ తినడం మానేస్తుంది అంది."

మాస్టారు ఫోన్‌లో తెరిచి నా చేతికిచ్చారు. నల్ల రిబ్బను కింద, ఒరొపేసా మాస్టారి అభ్యాసం కింద, నీ జవాబు. తప్పుల తడకగా, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టినట్టు. గింజలు, పీచ్ పళ్ళు, నీ పెళ్ళినాటి దువ్వెన, మందు ఒక్క గుక్క. అన్నీ చదువుకుంటూ చివరికి వచ్చాను. ఫిబ్రవరి తొమ్మిది తేదీ ఉంది, నువ్వు పోవడానికి రెండు రోజుల ముందు.

"బల్ల మీద ఎన్ని పెట్టినా పెట్టకపోయినా ఫరవాలేదు. పన్నెండుకి నేను వచ్చేసరికి నా కసి నాకు ఎదురుగా కూర్చుని అన్నం తింటూ ఉండాలి. నాకు పెట్టక్కర్లేదు. చూస్తాను."

అందరం కూర్చునేలా బల్ల లాగి వేశాం. నీకు ఎదురు కుర్చీ నాది. పెద్ద గిన్నె తీసి ఉంచాను. రేపు పన్నెండుకి తింటాను పెద్దమ్మా, నెమ్మదిగా తింటాను, నువ్వు చూసినంతసేపూ.

కసి